జనాభా ఒకటి

గురువారం చీకటితోనే లేచిన వీరాంజనేయులు బుర్రలో ఉన్న పథకం చాలా చిన్నది. ఏడు గంటల బస్సులో ఓ నలభై మందిని ఎక్కించాలి. ఆ నలభై మందికంటే ముందు భార్య అనురాధకు కిటికీ పక్కన సీటు పట్టాలి. ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకుని మొహం కడుక్కున్నాడు.

బోడిమిట్టపల్లె నల్లమల అంచున, దోర్నాల నుంచి మార్కాపురం పోయే రోడ్డుకు ఏడు కిలోమీటర్లు లోపల ఉంటుంది. ఓటర్ల జాబితాలో ఊరికి మూడు వందల పన్నెండు పేర్లున్నాయి. వాళ్లలో సగం మంది హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ మేడలు కడుతున్నారు, తమకోసం కాదు లెండి. కొందరు కాలం చేసి కూడా జాబితాలో కొనసాగుతున్నారు. నిజంగా పొద్దున్నే లేచి ఊళ్లో పళ్లు తోముకునేవాళ్లు తొంభై ఏడు మంది. పిల్లల్లేరని బడిని పక్కూరి బడిలో కలిపేశారు. పోస్టు డబ్బాను ఎవరు పీక్కుపోయారో తెలియదు, దాన్ని వెతికినవాళ్లూ లేరు. ఇక ఊరికి మిగిలింది పొద్దున ఏడింటికి వచ్చి తీసుకుపోయి, సాయంత్రం ఐదింటికి తెచ్చి దింపే పల్లెవెలుగు బస్సొక్కటే.

ఆ బస్సు మిగతావాళ్లకు సౌకర్యం. వీరాంజనేయులుకు మాత్రం అది భార్య ప్రాణం. నాలుగేళ్ల కిందట అనురాధకు రెండు కిడ్నీలూ పోయాయి. బోరు నీళ్లు చెడగొట్టాయని కొందరన్నారు, ఒళ్లునొప్పులకు మింగిన మాత్రలన్నారు ఇంకొందరు. కారణం తెలిసి చేసేదేముంది. సోమవారం, గురువారం మార్కాపురం తీసుకుపోయి నాలుగు గంటలు మిషను మీద పడుకోబెట్టి రక్తం కడిగించాలి. ఒకసారి తప్పితే కాళ్లు వాస్తాయి, రెండోసారి తప్పితే ఊపిరాడదు. మూడోసారి తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, వీరాంజనేయులు అడగలేదు. ఒకసారి మోటారుసైకిలు మీద తీసుకొస్తుంటే ఆమె కళ్లు తిరిగి వాగు దగ్గర పడిపోయింది. ఆ దారి గుంతల్లోకి ఆటోవాళ్లు రామన్నారు. అప్పటి నుంచీ బస్సే దిక్కు.

ఆ బస్సు మీదే దెబ్బ పడబోతోందని మొన్న సోమవారం తెలిసింది. దిగేటప్పుడు కండక్టరు సంధ్యారాణి వీరాంజనేయులును పక్కకు పిలిచింది.

"అన్నా, నేను చెప్పినానని యాడా అనొద్దు. గురువారం డిపో నుంచి సారు వస్తాడు. మీ ఊర్లో ఎంతమంది ఎక్కుతుండారో లెక్క రాసుకుంటాడు. రోజూ మాదిరి తొమ్మిది మందే ఎక్కితే ఒకటో తారీకు నుంచి బస్సుండదు."

"ఎంతమంది ఎక్కితే ఉంటాది మేడం?"

"నలభై మందన్నా ఉంటే నేనేదో ఒకటి చెప్పుకుంటా."

వీరాంజనేయులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ఊర్లో కదిలేవాళ్లు నలభై మంది ఉండారా అని చూస్తుండా."

"ఉండేవాళ్లనే ఎక్కీయన్నా. లేనోళ్లని ఎక్కీమంటినా నేను?" అని ఆమె విజిల్ వేసింది.

ఇంటికొకరు చొప్పున అడిగితే సరిపోతుందని వీరాంజనేయులు లెక్క కట్టాడు. ముందుగా గొర్రెల రంగనాయకులు దగ్గరికి పోయాడు. రంగనాయకులు ఊళ్లో పెద్దమనిషి. ఆయన ఔనంటే సగం ఊరు ఔనంటుంది, ఆయన ఔననడానికి మాత్రం సగం రోజు పడుతుంది.

"మామా, గురువారం ఒక్కరోజు మార్కాపురం పోయి రావాల నువ్వు."

"ఏం పనబ్బీ?"

"పనేం లేదు. బస్సెక్కితే చాలు."

"పని లేకుండా బస్సెక్కేదేంది? నా గొర్రెలను నువ్వు మేపుతావా?"

వీరాంజనేయులు సంగతంతా చెప్పాడు. "బస్సు నిలిచిపోతే అనురాధను నేను యాడికి ఎత్తుకపోవాల మామా" అన్నాడు. రంగనాయకులు చేతికర్రతో నేల మీద గీతలు గీసి, తుడిపేసి, "సరే, పోదాంలే. గొర్రెలను ఒక పూట దొడ్లోనే తోలి పెడతా" అన్నాడు. ఊరు రాతిగుండెది కాదు. అనురాధ పేరు చెప్తే ఎవరూ కాదనలేదు. కాదని ఉంటే కథ ఇంతదూరం వచ్చేది కాదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఇంటికొకరు అన్న మాట ఇల్లు దాటేసరికి మారిపోయింది. మంగళవారం సాయంత్రానికి "గురువారం బస్సెక్కినోళ్లను ఎవరో సారు రాసుకుంటాడంట" అయింది. బుధవారం పొద్దున్నకు "పేర్లు రాసుకుంటాడంట" అయింది. మధ్యాహ్నం బోరింగు దగ్గర లక్ష్మీనరసమ్మ అనే డెబ్బై ఏళ్ల ముసలమ్మ వీరాంజనేయులును పట్టుకుంది. ఆమెకు మోకాళ్లు పనిచేయవుగాని చెవులు చక్కగా పనిచేస్తాయి.

"ఏం నాయనా, పేర్లు రాసుకొని ఏదో పథకం ఇస్తారంట గదా. ఇంటికొకరికేనా, మనిషి మనిషికీనా?"

కాదు పెద్దమ్మా అని చెప్పడానికి వీరాంజనేయులు నోరు తెరిచాడు. ఆమె వెనక బిందెలు పట్టుకొని ఇంకో పదిమంది ఆ జవాబు కోసం చూస్తున్నారు. ఎట్లయితేనేం, జనం ఎక్కితే చాలు గదా అనిపించింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆయన జీవితంలో అన్ని తప్పులూ నోరు తెరిచి చేసినవే, ఇదొక్కటే మూసుకొని చేసింది. ఆయన మౌనాన్ని మనిషి మనిషికీ అని ఊరు అర్థం చేసుకుంది.

దాంతో గురువారం పొద్దున ఇంటికొకరు కాదు, ఇళ్లకిళ్లే బయల్దేరాయి. ఆడవాళ్లకు టికెట్టు లేదు గనక వాళ్లు అడగాల్సిన పనే లేదు, ఆధార్ కార్డులు రవికల్లో పెట్టుకొని తయారయ్యారు. మంచం దిగని ఒక ముసలాయనను నలుగురు కొడుకులు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. పథకం ఆయన పేరు మీద కూడా రావాలి కదా. ఆ నలుగురూ ఒక పని మీద కలవడం ఆస్తి పంచుకున్న తరవాత అదే మొదలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వైపు పల్లెల్లో ఇంటికి తాళం వేసి ఉందంటే ఇంటివాళ్లు సాయంత్రానికి వస్తారని అర్థం. పక్కింటివాళ్లు మేకలను అదిలిస్తూ ఉంటారు. తాళం వేసి వాకిలికి తుమ్మకంప అడ్డం పెట్టి ఉందంటే మాత్రం ఇంటిల్లిపాదీ గుంటూరు దిక్కు మిరపకోతలకు పోయారని అర్థం. ఇక మూడు నాలుగు నెలలు అటు చూడాల్సిన పని లేదు. ఎవరూ ఎవరికీ నేర్పరు, చూసినవాడికి తెలిసిపోతుంది. ఆ రోజు మేకలను అదిలించడానికి పక్కింటివాళ్లు కూడా బస్సెక్కుతున్నారు. అందుకని ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ తాళం వేసి, కంప కూడా అడ్డం పెట్టి వచ్చారు. అది మిరపకోతలు మొదలయ్యే వారమే కావడం బోడిమిట్టపల్లె ఖర్మ.

బస్సు ఏడింటికి వచ్చింది. ముందు సీట్లో డిపో నుంచి వచ్చిన సారు అట్టకు కాగితాలు బిగించుకొని కూర్చున్నాడు. బస్సు ఇంకా ఆగనేలేదు, కిటికీల్లోంచి తువ్వాళ్లు లోపలికి పడ్డాయి. సీటు మీద తువ్వాలు పడితే ఆ సీటు తువ్వాలు వేసినవాడిది, ఈ చట్టానికి ఎదురులేదు. తువ్వాళ్లు అయిపోయాక సంచులు పడ్డాయి, ఒక చెప్పు పడింది, ఆఖరికి ఒక పసిపిల్ల కిటికీలోంచి లోపలికి పోయి మూడు సీట్లకు అడ్డంగా కూర్చుంది.

అనురాధ నిదానంగా నడుస్తుంది. ఆమె వచ్చేలోగా సీటు పట్టుకుందామని వీరాంజనేయులు వెనక తలుపు నుంచి దూరాడు. తువ్వాలు లేని సీటు ఒకటి కనిపించింది. దాని మీద చెయ్యి వేసి, భార్యను పిలుద్దామని వెనక్కి తిరిగాడు. తలుపు కనపడలేదు. తలుపు ఉండాల్సిన చోట నలభై మంది ఉన్నారు, వాళ్ల మధ్యలో కుర్చీతో సహా ముసలాయన ఉన్నాడు. పట్టిన సీట్లో అప్పటికే లక్ష్మీనరసమ్మ కూర్చొని, "నా మోకాళ్లు తెలుసు గదా నాయనా" అంది.

"పెద్దమ్మా, అది అనురాధకు."

"వస్తే లేస్తాలే."

ఆమె రాలేదు. కిటికీలోంచి చూస్తే అనురాధ ఆసుపత్రి కాగితాల సంచి పట్టుకొని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ఇంకో కాలికి చోటు లేదు. ఎవరో జరగండర్రా అన్నారు, జరగడానికి ఎవరికీ జాగా లేదు. సంధ్యారాణి ముందు వైపు ఆధార్ కార్డుల్లో మునిగిపోయి ఉంది. డ్రైవరు తలుపు నిండిందని చూసుకొని బండి కదిలించాడు. అనురాధ కాలు వెనక్కి తీసుకుంది. దుమ్ములో ఆమె ముఖం కాసేపు కనిపించి, తరవాత కనిపించలేదు.

"ఆపండయ్యా, మా ఆడమనిషి ఎక్కలే" అని వీరాంజనేయులు అరిచాడు. తొంభై ఆరు మంది మాటల్లో ఆ అరుపు చిల్లర అడిగినట్టుగా కలిసిపోయింది. పక్కనున్న రంగనాయకులుకు మాత్రం వినపడింది. ఆయన వీరాంజనేయులు భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"గమ్మునుండబ్బీ. ముందర సారు రాసుకుంటుండాడు. ఇప్పుడు బస్సు ఎనక్కి తిప్పితే అంతా నాటకమని తెలిసిపోతాది."

"ఎవరికోసం మామా ఈ నాటకం? ఆ మనిషి రోడ్డు మీద ఉండాది."

"ఆ మనిషి కోసమే గదా. ఓర్చుకో."

వీరాంజనేయులు ఓర్చుకోగలడు, ఆమె రక్తం ఓర్చుకోదు. అడ్డరోడ్డు దాకా ఏడు కిలోమీటర్లూ ఒంటికాలి మీద నిలబడి ప్రయాణం చేశాడు. అక్కడ బస్సు ఆగగానే తలుపు దిక్కు చూడకుండా కిటికీలోంచి కిందికి దూకాడు. చొక్కా సగం బస్సులోనే ఉండిపోయింది. తిరుగు దారిలో ఎవరో మోటారుసైకిలు మీద మూడు కిలోమీటర్లు ఎక్కించుకున్నారు, మిగతాది పరుగు.

ఆయన పరుగెత్తుతున్న సమయంలో ఊళ్లో ఏం జరిగిందో తరవాత అనురాధ చెప్పింది. ఆమె బస్సాగే చోట రాతి మీద కూర్చొని ఉండగా స్కూటరు మీద కరుణాకరం అనే అతను వచ్చాడు. మండలంలో ఏ పల్లెకు ఎంత జనాభా ఉంది, రోడ్డు వేయాలా, బస్సు నడపాలా అని ఒక సర్వే జరుగుతోంది. ఆ లెక్క రాసేది అతనే. అతనిదీ దోర్నాల దిక్కే గనక కంప భాష అతనికి తెలుసు. ఊరంతా ఒక చుట్టు చుట్టాడు. నలభై రెండు ఇళ్లకు తాళాలు, నలభై రెండు వాకిళ్లకు కంపలు. అనురాధ ఇంటికి కూడా అంతే, సాయంత్రం దాకా రారు గనక వీరాంజనేయులే పెట్టాడు. కరుణాకరం స్కూటరు ఆపి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, ఈ ఊరేనా?"

"ఈ ఊరే సారూ."

"మిగతావాళ్లేరీ?"

"పోయినారు."

"అందరూనా?"

"అందరూ పోయినారు. నేనొకదాన్నే మిగిలినా." ఆమెకు ఆయాసంగా ఉంది, పొడుగు మాటలు రావడం లేదు.

"మరి నువ్వెందుకు పోలేదు?"

"జాగా లేదన్నారు సారూ."

కరుణాకరం కంపల దిక్కు ఒకసారి చూశాడు. "నీకెవరూ లేరామ్మా?"

"మా ఆయన ఉండాడు. ఆయన కూడా వాళ్లతోనే పోయినాడు."

"ఒంట్లో బాగలేనట్టుంది. నిన్నిట్ల వదిలిపెట్టి పోయినాడా?"

"కిడ్నీలు పోయినాయి సారూ. ఈ రోజు రక్తం కడగాల."

"వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారు?"

"బస్సుంటే వస్తారు."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కరుణాకరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన సీసాలో నీళ్లిచ్చాడు, ఆమె రెండు గుక్కలు తాగి చాలంది. ఫోన్లో ఆమె ఫోటో తీసుకున్నాడు, వెనక కంపలు కనపడేటట్టు. కాగితంలో గ్రామం పేరు రాసి, జనాభా అన్న చోట ఒకటి వేసి, మొహం తిప్పుకొని వెళ్లిపోయాడు. ఆసుపత్రికి నేను దింపుతా రమ్మన్నాడట. "మా ఆయన వస్తాడు సారూ" అందట ఈమె. ఆ మాటకే అతను ఇంకా ఎక్కువ బాధపడినట్టున్నాడు.

వీరాంజనేయులు తొమ్మిదిన్నరకు చేరాడు. ఆమెను తువ్వాలుతో తన నడుముకు కట్టేసుకొని మోటారుసైకిలు మీద మార్కాపురం తీసుకుపోయాడు. ఆమె బెడ్డు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. రెండో విడతలో దొరికింది. మిషను తిరుగుతుంటే ఆమె పాదాల దగ్గర కూర్చొని, "తప్పు నాదే" అన్నాడు. "సీటు దొరికిందా నీకు?" అని అడిగింది ఆమె. 

అదే సమయంలో అక్కడికి అరమైలు దూరంలో తొంభై ఐదు మంది డిపో సారు వెనకే నడుస్తున్నారు. బస్సు దిగినా ఎవరూ పనులకు పోలేదు, వాళ్లకు పనులుంటే కదా. సారు టీ తాగితే వాళ్లూ నిలబడ్డారు, సారు ఆఫీసులోకి పోతే వాళ్లూ పోయారు. కుర్చీని, కుర్చీలో ముసలాయననూ ఆయన బల్ల ముందు దింపారు.

"ఏమిటిది?" అన్నాడు సారు.

"పేర్లు రాసుకో నాయనా" అంది లక్ష్మీనరసమ్మ.

"ఏం పేర్లు?"

"పథకానికి. పొద్దున్నుంచి నీ ఎనకే ఉండాం గదా."

సారు కలం కింద పెట్టాడు. ఎవరు చెప్పారు, ఎందుకు ఎక్కారు అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఒక్కొక్కరూ నిజమే చెప్పారు. సాయంత్రానికి ఆయనకు మొత్తం అర్థమయింది, అర్థం కానిది ఒక్కటే మిగిలింది. ఇంతకూ ఆ ఊళ్లో ఎంతమంది ఉన్నారని మండలాఫీసుకు కాగితం పెట్టాడు. మూడోరోజు జవాబు వచ్చింది, ఒకరు.

దాంతో సంధ్యారాణికి మెమో వచ్చింది. రోజూ తొమ్మిది మందే ఎక్కుతున్నట్టు చూపిన మీరు, ఆ రోజు తొంభై ఆరు మందిని ఎట్లా ఎక్కించారు? ఒక్కరే ఉన్న గ్రామంలో ఆ తొంభై ఆరు మంది ఎక్కడి నుంచి వచ్చారు? ఈ రెండు ప్రశ్నలకు మూడు రోజుల్లో విడివిడిగా సమాధానం ఇవ్వగలరు. పాపం ఆమె రెండింటికీ కలిపి ఒక సెలవు చీటీ ఇచ్చింది. ఆమెను ఇంకో రూటుకు మార్చారు. ఒకటో తారీకు నుంచి బోడిమిట్టపల్లెకు బస్సు ఆగిపోయింది.

బస్సు రాని మొదటి గురువారం వీరాంజనేయులు మళ్లీ తువ్వాలు కట్టి మోటారుసైకిలు తీశాడు. వాగు దగ్గర ఆమె తల ఆయన వీపు మీద వాలిపోయింది. పిలిస్తే పలకలేదు. బండి ఆపి, నీళ్లు చల్లి, రోడ్డు పక్కన ఆమెను ఒళ్లో పెట్టుకొని ఓ పావుగంట కూర్చున్నాడు. ఆ పావుగంటలో ఆయన తనను తాను తిట్టుకోని తిట్టు లేదు. ఊరంతటినీ బతిమాలి, ఉన్న ఒక్క దారినీ తన చేత్తో మూసేసుకున్నాడు. ఆమె కళ్లు తెరిచి, "పోదాం పా, మళ్లీ బెడ్డు పోతాది" అన్నప్పుడు ఆయనకు ఏడుపొచ్చింది.

ఆ తరవాతి సోమవారం ఊళ్లోకి ఒక తెల్ల వ్యాను వచ్చింది. పది సీట్లు, ఏసీ, పక్కన పెద్ద అక్షరాలతో ప్రభుత్వ వాహనమని రాసి ఉంది. డ్రైవరు దిగి, అనురాధ గారు ఎవరన్నాడు. జరిగిందేమిటంటే, కరుణాకరం మనసు ఊరుకోక ఆ ఫోటోను ఆఫీసువాళ్ల గ్రూపులో పెట్టాడు. అక్కణ్నుంచి అది జిల్లా పేపరుకు ఎక్కింది. ఊరంతా వలసపోతే కట్టుకున్నవాడు కూడా వదిలేసిన కిడ్నీ రోగి, కంపల మధ్య ఒంటరిగా. చూసినవాళ్లంతా ఏడ్చారు. ఏడ్చినవాళ్లలో జిల్లా ఆఫీసులో ఒక పెద్ద అధికారి కూడా ఉన్నాడు. వారానికి రెండుసార్లు ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి, ఆమె బతికున్నంతకాలం, అని ఆర్డరు వేశాడు. రోగి ఒకరు, తోడుగా అవసరమైనవారు.

వ్యాను ఎక్కించేటప్పుడు డ్రైవరు వీరాంజనేయులును అనుమానంగా చూశాడు. "మీరెవరు?"

"ఈమె మొగుణ్ని."

"మీరు పోయినారని రాసుంది."

"తిరిగొచ్చినా" అన్నాడు వీరాంజనేయులు.

ఊరు ఊరుకోలేదు. తామంతా ఊళ్లోనే ఉన్నామని చెప్పుకోవడానికి రంగనాయకులు ముందు నడవగా నలభై మంది మండలాఫీసుకు పోయారు, వీరాంజనేయులు కూడా వాళ్ల వెంట ఉన్నాడు. కాలినడకన అడ్డరోడ్డు దాకా, అక్కణ్నుంచి దొరికినదాంట్లో. అక్కడి పెద్దసారు కంప్యూటరులో చూసి, వీళ్లను చూసి, మళ్లీ కంప్యూటరు చూశాడు.

"రేషనులో ఉన్నారు, పింఛనులో ఉన్నారు. అవి వేరే కంప్యూటరులే. ఈ సర్వేలో మాత్రం మీరు లేరు."

"ఎదురుగా ఉండాం గదా సారూ" అన్నాడు రంగనాయకులు.

"ఉన్నారు. రాయమంటే ఇప్పుడే రాస్తా. కానీ రాస్తే ఒకటి. ఆ వ్యాను ఊళ్లో ఎవరూ లేని మనిషికని ఇచ్చింది. మీరు తొంభై ఆరు మంది తేలినారంటే మరుసటి రోజే వ్యాను రద్దు. బస్సు సంగతి మళ్లీ సర్వే జరిగినప్పుడు. అది ఎప్పుడో నన్నడగొద్దు."

 వీరాంజనేయులు గోడకు చేరగిలబడ్డాడు. రంగనాయకులు ఆయన దిక్కు చూసి, చేతికర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అయితే మేం లేము సారూ" అన్నాడు. వెనకున్న నలభై మందీ ఔనన్నట్టు తల ఊపి, చెప్పులు చప్పుడు కాకుండా బయటికి నడిచారు.

అంత మంచితనానికి ఊరు ఫలితం కూడా రాబట్టుకుంది. తోడుగా అవసరమైనవారు అని ఆర్డరులో ఉందే గాని, ఎంతమంది అని లేదు. అనురాధకు ఒక సీటు పోగా తొమ్మిది మిగులుతాయి. సోమవారం తొమ్మిది మంది తోడు, గురువారం తొమ్మిది మంది తోడు. వంతుల జాబితా రంగనాయకులు దగ్గర ఉండేది. మొదట్లో డ్రైవరు గొణిగాడు. తరవాత వాళ్లు పెట్టే జొన్నరొట్టెలకు, గోంగూర పచ్చడికి అలవాటుపడి గొణగడం మానేశాడు. బ్యాంకు పనులు, బియ్యం బస్తాలు, పెళ్లిచూపులు, పంటి నొప్పులు అన్నీ ఆ రెండు రోజుల మీదికే వచ్చాయి. మీ నాయనకు జ్వరమా, గురువారం దాకా ఓర్చుకోమను అనే మాట ఊళ్లో మామూలైపోయింది.

అనురాధ వైభవం చెప్పనలవి కాదు. ఆమె వాకిట్లో ఒక్క మేక అడుగు పెట్టేది కాదు. డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నాడు గనక ఆమె గ్లాసు ఎత్తితే లక్ష్మీనరసమ్మ, "ఎన్నో గ్లాసమ్మే అది?" అని లెక్క అడిగేది. కూరలో ఉప్పు చూడటానికి ఇద్దరు ఆడవాళ్లు పూటపూటా వచ్చేవాళ్లు. ఒకరోజు ఆమెకు కాస్త ఒళ్లు వెచ్చబడింది. గంటలో వాకిలి నిండా జనం. అంతమంది ప్రేమ చూసి వీరాంజనేయులుకు కడుపు నిండిపోయింది. రంగనాయకులు పక్కకు పిలిచి, "ఏమన్నా అయితే వ్యాను ఆరోజే ఆపుతారా, నెలాఖరు దాకా ఉంటాదా?" అని అడిగినప్పుడు ఆ నిండింది కాస్తా దిగిపోయింది.

మరుసటి నెలలో ఆసుపత్రిలో డాక్టరు ఒక మాట చెప్పాడు. కిడ్నీ మార్పిడికి పేరు నమోదు చేయించుకోండి, అదృష్టం బాగుంటే ఎప్పుడో ఒకప్పుడు వంతు రావచ్చు, అప్పుడిక మిషనుతో పని లేదు. వీరాంజనేయులు అక్కడికక్కడే దరఖాస్తు నింపాడు. నాలుగేళ్లలో ఆయన ఇంటికి నవ్వుతూ వచ్చింది ఆ రోజే. వ్యానులో ఉన్న మిగతా ఎనిమిది మందికీ చెప్పాడు. చాలా సంతోషమన్నారు. అడ్డరోడ్డు నుంచి ఊరు దాకా ఎవరూ ఇంకో మాట మాట్లాడలేదు.

ఆదివారం ఊరంతా కలిసి అనురాధ పేరు మీద పోలేరమ్మకు పొంగలి పెట్టారు. ఆమెను ముందు వరసలో పీట వేసి కూర్చోబెట్టారు. మొక్కు చెప్పే పని లక్ష్మీనరసమ్మకు ఇచ్చారు. ఆమె మోకాళ్లు పట్టుకొని లేచి, చేతులు జోడించి, ఊరందరికీ వినపడేటట్టు చెప్పింది.

"తల్లీ, మా అనురాధకు నయం గాకుండా, పానం పోకుండా, ఇట్లనే నూరేళ్లు సల్లగా సూడు. నీకు పొట్టేలు కొడతాం."

ఊరంతా కళ్లు మూసుకొని దండం పెట్టుకుంది. వీరాంజనేయులుకు ఒళ్లు మండింది. ఏందే పెద్దమ్మా నువ్వనేది అని నిలదీయడానికి ఒక అడుగు ముందుకేశాడు. ఆ మొక్కులో పానం పోకుండా అన్న సగం రోజూ తాను మొక్కుకునేదే. నయం గాకుండా అన్న సగానికి అరుద్దామంటే, దరఖాస్తు వంతు వచ్చేదాకా ఆమెను మార్కాపురం చేర్చే దారి ఈ మనుషుల నోటి మీదే ఆధారపడి ఉంది. వాళ్లలో ఒక్కడు మేమున్నామని చెప్తే చాలు, వ్యాను ఆగిపోతుంది. అనురాధ ఆయన చెయ్యి పట్టి కిందికి లాగి, "కూర్చో, వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అంది. ఆయన ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. ఇంత దిగులు వాగు ఒడ్డున కూడా కలగలేదు ఆయనకు.

"అట్లనే జరుగుతాది, పోండి" అని పూజారి అందరికీ కుంకుమ పెట్టాడు. సోమవారం వ్యానులో వంతు ఆయనదే.